ఏడిళ్ల కుక్క ఎన్నిక

సోమవారం, పోటు 3

ఇవాళ కుక్క నా వంతు. పొద్దున్నే జగ్గునాయుడు గారింటికి వెళ్లి తెచ్చుకున్నాను. ఆదివారం వాళ్లది, సోమవారం నాది. మెడపట్టీ మీద నా అరచెయ్యి ఆనించగానే పచ్చదీపం వెలిగింది. ఆయన చేతి నుంచి నా చేతికి మారినట్టు. మా ఏడిళ్ల వరుసకి ఆయనే పెద్ద. ప్రతి వారం చెప్పే మాటే ఇవాళా చెప్పాడు.

"రాజాకి గట్టిగా అన్నం ఎట్టీకురా నూకరాజూ. కడుపు ఉబ్బరిస్తాది."

ఆడకుక్కకి రాజా అని పేరు పెట్టిన మనిషి మా వరుసకి పెద్ద. ఇంకేం రాయను.

రోప్‌వేలో కుక్కల్ని ఎక్కనివ్వరు. ఆరువందల పన్నెండు మెట్లు నడిచే ఎక్కాం. ఊరంతటా ఆ పట్టీది ఒకటే లెక్క. చెయ్యి ఆనించినవాడికి పదడుగుల లోపల ఉండాలి, దాటితే పీక బిగుస్తుంది. ఇంట్లోకి తెచ్చి తలుపేసుకున్నాక వదులవుతుంది. ఇల్లు కాకుండా వదులయ్యే చోటు ఒక్కటే, కొండ మీద విడుపు మైదానం. కంచె తలుపు దాటగానే పట్టీ టక్కుమంటుంది. ఆ చప్పుడు కోసం కుక్క మెట్లన్నీ చెవులు నిక్కించుకునే ఎక్కుతుంది. తర్వాత నలభై నిమిషాలు దాని బతుకు దానిది.

పరిగెత్తింది. ఎర్రమట్టి లేచేలా జీడిమామిడి చెట్ల చుట్టూ తిరిగింది. వేరే వరుసల కుక్కలు ఇరవై దాకా ఉన్నాయి. కింద సముద్రంలో పాత హోటళ్ల మేడలు తేలినట్టు కనిపిస్తున్నాయి. నాకు కూర్చోబుద్ధి కాలేదు. కంచె వెంబడి అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాను. నలభై నిమిషాల స్వేచ్ఛ ఇచ్చి మిగతా రోజంతా పీక నొక్కే ఊరిని ఏమనాలి?

విజిల్ పడ్డాక అందరూ తమ కుక్కల్ని పేరు పెట్టి పిలుచుకున్నారు. నేను పిలవను. పేరు పెట్టడం సొంతం చేసుకోవడమే. ఆరిళ్లవాళ్లూ దానికి ఆరు పేర్లు పెట్టారు, నేనొక్కణ్ణే పెట్టలేదు. తలుపు దగ్గర నిలబడితే అదే వస్తుంది.

కిందికి దిగాక సంగతి జరిగింది. మా ఇంటి వైపు తిరగాల్సిన చోట కుక్క సన్యాసమ్మ పిన్ని గుమ్మం ముందు కూర్చుండిపోయింది. పిన్ని వంతు గురువారం, ఇవాళ సోమవారం. పట్టీ బిగుస్తున్నా లేవలేదు. తలుపు వైపు చూసి సన్నగా ఏడ్చింది.

నేను లాగాను. సంకెళ్ల మీద పన్నెండు కరపత్రాలు పట్టుకుని చదివిన చేత్తోనే లాగాను.


మంగళవారం, పోటు 4

తెల్లవారుజామున మంచినీళ్ల ప్లాంటులో జల్లెడలకి పట్టిన ఉప్పు గీకుతున్నంతసేపూ అదే ఆలోచన. కుక్కకి ఎవరింట్లో ఉండాలనుందో ఈ ఊళ్లో ఎవడైనా కుక్కని అడిగాడా?

మధ్యాహ్నానికి కరపత్రం రాసేశాను. పేరు "వంతు అనే సంకెల". బియ్యం సంచుల కాగితం వెనకవైపు నలభై ప్రతులు చేత్తోనే రాశాను, వేళ్లు ఇంకా లాగుతున్నాయి. అందులో ఇలా ఉంది:

"వారానికి ఏడు ముక్కలుగా కోసి పంచుకోవడానికి ప్రాణం రొట్టె కాదు. ఎన్నుకునే హక్కు మెడ ఉన్నవాడిది, పట్టీ మీద చెయ్యి ఉన్నవాడిది కాదు. కుక్కల బోర్డు నియమాల్లోనే దారి ఉంది. ఒక వరుసలో అయిదిళ్లు వేలిముద్ర వేస్తే విడుపు మైదానంలో ఎన్నిక పెట్టవచ్చు. ఏడుగురూ గిరి గీసి నిలబడాలి. ఆఖరి విజిల్ పడేసరికి కుక్క ఎవరి దగ్గర ఉంటే వారిదే ఇల్లు. అదే తుది నిర్ణయం, ఏడాదిపాటు."

తుది నిర్ణయం కింద రెండు గీతలు గీశాను.

కుక్క ఎవరిని ఎన్నుకుంటుందో నాకు తెలుసు. నిన్న ఏడ్చింది ఎవరి గుమ్మం ముందో చూశాను.


గురువారం, పోటు 6

అయిదు వేలిముద్రలు పడతాయో లేదోనని భయపడ్డాను. సులువుగా పడ్డాయి. ప్రతి ఇంట్లోనూ కుక్క తమనే ఎక్కువ ప్రేమిస్తుందని నమ్మకం. జగ్గునాయుడు గారైతే కరపత్రం సగం కూడా చదవలేదు.

"రాజా నా దగ్గరికి రాకపోతే నాను మీసం గొరిగించీసుకుంతాను. ఇలాగి తే, ముద్రేస్తాను."

శుక్రవారం ఇంటి అప్పలకొండ గారూ వేశారు. మంగళవారం, బుధవారం ఇళ్లవాళ్లూ వేశారు. నాతో అయిదు. శనివారం ఇంటివాళ్లు ఊళ్లో లేరు. చివరికి సన్యాసమ్మ పిన్ని దగ్గరికి వెళ్లాను. అయిదు చాలు, అయినా ఆమె ముద్ర నాకు కావాలి.

పిన్ని పంపుహౌసులో ఇరవై రెండేళ్ల నుంచి పనిచేస్తోంది. పల్లపు వీధుల్లోకి ఎక్కే సముద్రాన్ని రాత్రంతా తోడి పోసే పని. ఆ మోటార్ల హోరుకి రెండు చెవులూ పోయాయి. పలక మీద రాసి చూపిస్తే చదువుతుంది. మాట మాత్రం గట్టిగా మాట్లాడుతుంది, తన గొంతు తనకి వినపడదు కాబట్టి.

పలక మీద రాశాను: "కుక్క నిన్నే ఎన్నుకుంటుంది పిన్నీ. రోజూ నీ దగ్గరే ఉంటుంది."

పిన్ని చదివి కరపత్రం నా చేతిలో పెట్టేసింది. కుక్క ఆమె కాళ్ల మీద తల పెట్టుకుని పడుకుంది.

"నాకు రోజూ ఒద్దు. గురువారం సాలు."

ఎందుకు చాలు అని రాశాను, కొంచెం కోపంగానే. సుద్దముక్క విరిగింది.

"రాత్రి డ్యూటీ. పగలు తొంగోవాలి. పగలు నీళ్లసైరన్ మోగితే నాకు ఇనపడదు. ఏడు నిముసాల్లో పై మెట్టెక్కకపోతే ఏటవుతాదో తెల్దా నీకు? ఆరు రోజులు గోడకి ఆనుకుని కునికిపాట్లు పడతాను. గురువారం మా గవ్వ గుమ్మంలో ఉంటాది. సైరన్ మోగితే అరికాలు నాకుతాది. గురువారం ఒక్క రోజే నాను మనిసిలాగ తొంగుంతాను. దాన్ని నువ్వు పందెంలో ఎట్టమంతావేటి?"

చేతికి కట్టుకునే యంత్రం ఉంది కదా, సైరన్‌కి వణుకుతుంది కదా అని రాశాను. పిన్ని నవ్వింది.

"నీళ్లు ఒదిలినా వణుకుతాది, పెళ్లిసంబంధాల పెకటనకీ వణుకుతాది. ఏ వణుకు ఉప్పెనో ఎవుడికి తెలుసు? తీసి గూట్లో పడీసినాను."

నాకు మరింత రోషం వచ్చింది, ఆమె మీద కాదు. వారానికి ఒక్క నిద్రతో సరిపెట్టుకోవడం నేర్పిన ఈ పద్ధతి మీద. ఏడు నిద్రలు ఆమె హక్కు. ఆమె తరఫున నేను గెలిపిస్తాను. పలక మీద అంతా రాయడానికి చోటు లేక అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఆమెకి సగమే అర్థమైనట్టుంది.

ముద్ర వెయ్యలేదు. ఫరవాలేదు, అయిదున్నాయి.


శనివారం, పోటు 8

ఎన్నిక నమోదు చెయ్యడానికి కొండ ఎక్కాను. విడుపు మైదానం కాపలాదారు మరిడయ్య తాత. తలుపు దగ్గర తగరపు డబ్బా మీద కూర్చుని రేగొడియాలు నముల్తూ ఉంటాడు.

"ఎన్నికా? ఎనిమిదేళ్లయింది బావూ ఇక్కడ ఎన్నిక జరిగి. నియమాలు సదివినావా?"

"చదివాను."

"ఎనకమాల పేజీ?"

"అంతా చదివాను తాతా! చదువు రాకనా ఇంత దూరం ఎక్కింది?"

"కోపమెందుకురా, అడిగినాను," అని రిజిస్టరు తెరిచి నా చెయ్యి ఆనించుకున్నాడు.

వెనక పేజీ చదవలేదు. నాకు కావలసిన నియమం ముందు పేజీలోనే దొరికింది.


ఆదివారం, పోటు 9

ఏడుగురం గుండ్రంగా నిలబడ్డాం. శనివారం ఇంటివాళ్లూ వార్త తెలిసి వచ్చారు. సున్నంతో గిరి గీశాడు మరిడయ్య తాత. ఆఖరి విజిల్ దాకా ఎవరి కాలూ గిరి దాటకూడదు. ఎర చూపకూడదు అని కరపత్రంలో నేనే రాశాను. జగ్గునాయుడు గారి జేబులోంచి ఎండునెత్తళ్ల కంపు నా దాకా కొట్టింది. అప్పలకొండ గారి భార్య కొంగున బూరెలున్నాయి. నా జేబులు ఖాళీ.

పిన్ని డ్యూటీ దిగి నేరుగా మెట్లెక్కి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

కుక్కని మధ్యలో వదిలారు. పట్టీ టక్కుమంది. అది ఎప్పటిలాగే పరిగెత్తబోయింది.

"రాజా! ఒరే రాజా!"

"లచ్చిమీ, లచ్చిమీ, ఇలాగి రామ్మా!"

"టైగర్!"

"బుజ్జే, బుజ్జే!"

"సిట్టీ!"

ఆగిపోయింది. ఒక్కో పేరూ దానిదే. ఒక్కో గొంతూ ఒక్కో రోజు దానికి అన్నం పెట్టినదే. నాలుగడుగులు జగ్గునాయుడు గారి వైపు వేసి, వెనక్కి తిరిగి అప్పలకొండ గారి వైపు రెండడుగులు వేసి, మళ్లీ మధ్యకి వచ్చింది. అప్పుడు పిన్ని పిలిచింది. ఆ గొంతు అందరికంటే పెద్దది, చీలిపోయినట్టుంది. "గవ్వా! గవ్వా!" ఎంత గట్టిగా పిలుస్తోందో ఆమెకి తెలియదు. అంత గట్టిగా ఆమె దాన్ని ఏ గురువారమూ పిలిచి ఉండదు. కుక్క ఆమెను చూసి బెదిరింది. తోక కాళ్ల మధ్య దోపుకుంది. వెనక కాళ్లు వణుకుతున్నాయి. ఉన్నచోటే కొంచెం మూత్రం పోసుకుంది.

నేను పిలవలేదు. నా దగ్గర పేరు లేదు. నిలబడి ఉన్నాను, అంతే.

ఆ గోలలో చప్పుడు లేని చోటు ఒక్కటే ఉంది. కుక్క పాక్కుంటూ అక్కడికి వచ్చింది. నా కాళ్ల మధ్య దూరి ముఖం దాచుకుంది.

విజిల్ పడలేదు ఇంకా. ఒక నిమిషం ఉంది. దాన్ని పిన్ని వైపు నెట్టవచ్చు. కనీసం కాలు ఎడం చెయ్యవచ్చు. నేను నెట్టలేదు. నాకు సంతోషమేసింది. ఇది రాయకపోతే ఈ చిట్టా అంతా అబద్ధమవుతుంది. ఆరుగురిని కాదని నన్ను ఎన్నుకుంది అనిపించింది, ఒళ్లు పులకరించింది. విజిల్ పడింది.

మరిడయ్య తాత నా చెయ్యి పట్టీకి ఆనించాడు. ఈసారి దీపం పచ్చగా కాదు, నీలంగా వెలిగింది.

పిన్ని గిరి దాటి నా ముందు నుంచే మెట్ల వైపు వెళ్లిపోయింది. నా వైపు చూడలేదు. "పిన్నీ!" అని అరిచాను. వినపడదని అరిచాక గుర్తొచ్చింది.


మంగళవారం, పోటు 11

నీలం దీపం అంటే ఏమిటో తెలిసింది.

వంతు కుక్క పట్టీకి ఏడు చేతులు. ఎన్నికైన కుక్క పట్టీకి ఒకటే చెయ్యి. ఇంట్లో తలుపేసుకున్నా సరే, కొండ మీద తప్ప ఇక ఎక్కడా వదులవ్వదు. నాకూ దానికీ మధ్య పదడుగులు దాటితే పట్టీ కూత పెడుతుంది. మూడు కూతలకి బోర్డు బండి వచ్చి ఎత్తుకుపోతుంది. ఇదంతా వెనక పేజీలో ఉంది. విడిపిద్దామని వెళ్లి నాకు కట్టేసుకొచ్చాను.

నిన్న అన్ని గుమ్మాలూ తిరిగాను. పాత వంతులే ఉంచుకుందాం, ఎవరి రోజు వాళ్లే తీసుకెళ్లండి అన్నాను. జగ్గునాయుడు గారి గుమ్మంలోంచి కుక్క లోపలికి పరిగెత్తగానే పట్టీ ఒక కూత పెట్టింది. ఆయన చెవులు మూసుకున్నాడు.

"తీసుకుపోరా నాయినా! తుది నిర్నయం అని కింద రెండు గీతలు గూడా గీసినావు కాదేటి? ఇప్పుడు మాకెందుకు తెస్తన్నావు?"

"తప్పయిందని చెప్పడానికే వచ్చాను."

"తప్పని కరపత్రం రాయి. నలభై కాపీలు తీయి. సదూతాము."

ఇవాళ ప్లాంటుకి కుక్కని తీసుకెళ్లాల్సి వచ్చింది. మేస్త్రీ తిట్టాడు, నేనూ తిట్టాను. ఉప్పునీళ్లలో నిలబడి అది వణుకుతూ నన్నే చూసింది. కొండ మీద కూడా ఇప్పుడు పరిగెత్తడం లేదు. పట్టీ టక్కుమన్నా నా చుట్టూ పదడుగుల్లోనే తిరుగుతోంది.


శుక్రవారం, పోటు 14

నిన్న గురువారం. పిన్ని తలుపు తట్టి లాభం లేదు, వినపడదు. గుమ్మంలో నిలబడ్డాను. ఆమే బయటికొచ్చి చూసింది. పలక మీద "లోపలికి రానిస్తావా" అని రాసి చూపించాను.

"కుక్క దొరికినాది కదా. ఎల్లు."

తలుపేసేసింది.

ఇవాళ పొద్దున్న ప్లాంటులో విన్నాను. రాత్రి పంపుహౌసులో మూడో మోటారు దగ్గర పిన్ని కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయిందట. పల్లపు వీధిలో నీళ్లు మోకాలి దాకా వచ్చాయట. ఒక ముసలాయన జారిపడ్డాడట, దెబ్బ పెద్దది కాదు. పిన్నికి మొదటి హెచ్చరిక ఇచ్చారు. రెండోసారి జరిగితే ఉద్యోగం తీసేస్తారు. మా వరుసలో ఆమె ఇల్లు పంపుహౌసు ఉద్యోగానికి ఇచ్చినది, ఉద్యోగంతో పాటే పోతుంది.

చేతిలో ఉన్న గీకుడు కత్తి గోడకేసి కొట్టాను. కుక్క ఎగిరిపడింది. దానికి క్షమాపణ చెప్పాను.


బుధవారం, పోటు 19

అయిదు రోజులు బోర్డు ఆఫీసు చుట్టూ తిరిగాను. ఎన్నిక రద్దు చెయ్యమని మూడు అర్జీలు పెట్టాను. మూడింటికీ ఒకటే జవాబు, ఏడాది తర్వాత రమ్మని.

సాయంత్రం కొండెక్కి ఆ కోపమంతా మరిడయ్య తాత మీద కక్కాను. వెనక పేజీ గురించి గట్టిగా ఎందుకు చెప్పలేదని అరిచాను. ఆయన ఒడియం నమలడం ఆపలేదు.

"సెప్తే ఇనే మొహమేనా అది? సరే, ఇప్పుడేటి కావాల నీకు?"

"గురువారం కుక్క పిన్ని దగ్గర ఉండాలి."

"ఉండనీ."

"పదడుగులు దాటితే కూస్తుంది తాతా!"

"కుక్క దాటితే కూస్తాది. నువ్వు దాటకపోతే ఎందుకు కూస్తాది? నీ సెయ్యి ఎక్కడుంటే అదీ అక్కడే ఉంటాది. నువ్వెల్లి కూకో."

మెట్లు దిగుతున్నంతసేపూ నన్ను నేను తిట్టుకున్నాను. సైరన్ మోగితే ఒక మనిషి కాలు తట్టి లేపడానికి కుక్కే ఎందుకు? ఇన్నేళ్లలో మా ఏడిళ్లలో ఎవరమైనా వెళ్లి కూర్చుని ఉండవచ్చు. వంతులు రద్దు చెయ్యాలని నలభై ప్రతులు రాసిన నాకు ఆ ఒక్క ముక్క తట్టలేదు.

రేపు మధ్యాహ్నం గ్రంథాలయ పడవలో యువజన సభ ఉంది. "వంతు అనే సంకెల" అక్కడ చదువుతామని కబురు పెట్టారు. నా రాత నలుగురిలో చదవడం ఇదే మొదటిసారి.


గురువారం, పోటు 20

సభకి వెళ్లలేదు.

పదిగంటలకి పిన్ని గుమ్మంలో కూర్చున్నాను, కుక్కతో సహా. పలక మీద ముందే రాసుకుని వెళ్లాను: "తప్పు నాది. కుక్క నేను లేకుండా ఉండటానికి వీల్లేదు, కాబట్టి ఇద్దరం ఉంటాం. నువ్వు పడుకో. మాట్లాడను."

పిన్ని తలుపు తీసి చదివింది. నన్ను చూసింది, కుక్కని చూసింది. కళ్ల కింద గుంటలు పడ్డాయి.

"నువ్వు? ఒక్క సోట కూకుంతావా? నీ కాళ్లకి స్ప్రింగులున్నాయి కాదేటి?"

కూర్చుంటానని తలూపాను.

"సూద్దాం," అంది. తలుపు మాత్రం వెయ్యలేదు. గోడ దగ్గర చాప మీద పడుకుంది. కుక్క వెళ్లి ఆమె అరికాళ్ల దగ్గర చుట్టుకుంది. గుమ్మం నుంచి చాపకి ఏడడుగులు, కొలుచుకున్నాను.

నా జన్మలో అంతసేపు కదలకుండా కూర్చోలేదు. మొదటి గంటలో కాళ్లు తిమ్మిరెక్కాయి. లేచి నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చున్నాను. మూడో గంటలో ఇప్పుడు సభ మొదలై ఉంటుంది అనిపించింది. ఎవరు చదువుతారో, ఎక్కడ తడబడతారో. లేచిపోవాలనిపించింది. నేను లేస్తే కుక్క లేవాలి, కుక్క లేస్తే ఆమె లేస్తుంది. గోళ్లు కొరుక్కున్నాను. పిన్ని నోరు కొంచెం తెరుచుకుని, గురక పెడుతూ, రాయిలా నిద్రపోతోంది.

ఒకటిన్నరకి సైరన్ మోగింది.

నేను ఎగిరి లేచాను. నేను రెండడుగులు వేసేసరికే కుక్క లేచి ఆమె అరికాలు నాకుతోంది. గాభరా లేదు, మొరగలేదు. పిన్ని కళ్లు తెరిచి దాని తల నిమిరి, నెమ్మదిగా లేచి చెంగు దోపుకుంది. ముగ్గురం పై మెట్టెక్కాం. పల్లపు వీధి నురగతో నిండింది. నీళ్లు మా కింది మెట్టు దాకా వచ్చి, కాసేపు ఆలోచించినట్టు ఆగి, వెనక్కి పోయాయి. పిన్ని దిగి, కాళ్లు తుడుచుకుని, మళ్లీ పడుకుంది. అయిదు నిమిషాల్లో గురక మొదలైంది. అలా నిద్రపోగలిగిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

నాలుగున్నరకి నిండుగా నిద్రపోయిన ముఖంతో లేచింది. నాకు గ్లాసులో, కుక్కకి గిన్నెలో గంజి పోసింది. ఇద్దరికీ ఒకటే కొలత.

అప్పుడు జగ్గునాయుడు గారు గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో కాగితం ఉంది. మొన్నటి కరపత్రం వెనకవైపు ఏదో రాసి ఉంది. పిన్నికి కూడా కనపడేలా ఎత్తి పట్టుకుని చదివాడు.

"శుక్రవారం అప్పలకొండోలింట్లో. శనివారం ఆ పక్కింట్లో. ఆదివారం మా ఇంట్లో, ఆ రోజు నెత్తళ్లిగురు. సోమవారం మీ ఇంట్లో నువ్వుండుకో. మంగళం, బుధవారం ఆలిద్దరూ ఒప్పుకున్నారు. గురువారం ఇక్కడ. కుక్క ఎక్కడుంటే నువ్వక్కడే గదా, మేవు కూకుని రాసీసినాము."

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"ఏడాదిపాటు ఎవరింట్లో ఉండాలో మీరు రాసేస్తారా? నన్నొక్క మాట అడిగారా? నా ఇష్టం ఏమిటో..."

జగ్గునాయుడు గారు కాగితం మడిచి నా జేబులో పెట్టాడు.

"అడగమంతావేటి? సరే, రేపు కొండెక్కి గిరి గీద్దాము. నిన్ను మద్దిలో ఒదిలి మేవందరం పిలుస్తాము. ఎవులి దగ్గరికి ఒస్తావో సూద్దాము."

పిన్నికి మాట వినపడలేదు, నా ముఖం మాత్రం కనపడింది. పకపకా నవ్వింది. ఆయనా నవ్వాడు. నేను నవ్వలేదు. చెప్పాల్సిన జవాబులు గొంతు దాకా వచ్చాయి. ఒకటి కాదు, నాలుగైదు. కుక్క లేచి ఒళ్లు విరుచుకుని నా పక్కకి వచ్చి నిలబడింది, ఎటు వెళ్దామన్నట్టు.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. అప్పలకొండ గారింట్లో అదనంగా చాప లేదట. నాది చుట్టి గుమ్మం దగ్గర పెట్టాను.